పితృతిథి నిర్ణయము – మరణ నమోదు పత్రముల పరిశీలన



శ్రీకూర్మ క్షేత్రమున శ్వేతపుష్కరిణీ తీరమందు పితృకార్యము చేయ వచ్చిన యాత్రికులను మేము మొదట అడుగు ప్రశ్నలు మూడు. గోత్రమేది? నామమేది? తిథి యేది? మొదటి రెంటికి సమాధానము వెంటనే వచ్చును. మూడవ ప్రశ్నకు పలువురు తల వంచుకొందురు. "మా తాతగారు పోయేనాటికి మా నాన్నగారే పసివారండి" అందురు. అట్టివారి కొరకు ఈ వ్యాసము. ఇందులో మొదట నా తప్పును చెప్పుకొనవలెను.

సుమారు నలుబది యేండ్ల క్రితము నాగావళి తీర గ్రామమునుండి ఒక రైతు నా యొద్దకు వచ్చెను. తండ్రి పోయిన తిథి యెరుగడు. "జెండా ఎగరేసిన నాటి రాత్రి, శుక్రవారం" అని తల్లి చెప్పిన మాట యొక్కటే ఆధారము. జెండా ఎగురవేసిన నాడనగా 1947 ఆగస్టు 15, శుక్రవారమే. నేను సర్వజిత్ సంవత్సరపు పాత పంచాంగము తెరచి, ఆనాటి సూర్యోదయ తిథిని చూచి, అధిక శ్రావణ బహుళ చతుర్దశి అని చెప్పితిని. అధికమాసమున గతించినవారి ఆబ్దికము సామాన్య సంవత్సరములలో అదే పేరుగల మాసమున జరుగును గనుక, ఏటేట శ్రావణ బహుళ చతుర్దశినాడు పెట్టుమంటిని.

ఇరువదేండ్ల తరువాత ఆయన మనుమడు భూమి కాగితముల కొరకు మరణ నమోదు నకలు తీయించెను. అందులో 16-8-1947 అని యున్నది. ఆ వృద్ధుడు నకలు చేతబట్టి వచ్చి అడిగిన మాట నేటికిని నా చెవులలో నున్నది. "పంతులుగోరూ, ఇన్నేళ్లూ మా అయ్య పస్తే ఉన్నాడేటండి?"

తల్లి చెప్పినదియు నిజమే, పుస్తకములో వ్రాసినదియు నిజమే. మన లెక్కకు దినము సూర్యోదయముతో మారును. ఆంగ్ల తేదీ అర్ధరాత్రి మారును. రెండు సాక్ష్యములను కలిపినచో అర్ధరాత్రి దాటిన పిదప, తెల్లవారక మునుపు ఆయన గతించెనని తేలినది. ఆ శుక్రవారము పగలు చతుర్దశియే గాని, రాత్రి పొద్దుపోయిన పిమ్మట అమావాస్య ప్రవేశించినది. ఆబ్దికమునకు గ్రహింపవలసినది మరణకాలమందున్న తిథి. ఆ తల్లి "రాత్రి" అని స్పష్టముగా చెప్పినను నేను "ఏ జాము?" అని అడుగనైతిని. లోపము నాది.

ఈ అనుభవమునుండి నేర్చిన క్రమమును వివరించెదను.

మొదటిది గృహము. పాత పంచాంగముల అంచులు, లెక్కల పుస్తకముల చివరి పుటలు, శుభస్వీకార పత్రికలు వెదకవలెను. చావు కబురు తెచ్చిన ఉత్తరమును చదివిన వెంటనే చించివేయుట మన వాడుక గనుక ఉత్తరములు మిగులుట అరుదు. ఆస్తి దస్తావేజులు మాత్రము మిగులును. ఒక దస్తావేజులో తాతగారు స్వయముగా సంతకము చేసి, తరువాతి దానిలో "కీర్తిశేషులు" అని యున్నచో, ఆ రెండు తేదీల నడుమనే మరణము జరిగెనని గ్రహింపవచ్చును. వెదకవలసిన కాలము ఆ మేరకు తగ్గును.

రెండవది ప్రభుత్వ నమోదు. మద్రాసు రాజధానిలో జనన మరణముల నమోదునకు 1899 లోనే చట్టము వచ్చినది. పల్లెలలో గ్రామ మునసబు చావుపుట్టుకల లెక్క వ్రాసెడివాడు. ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ 1984 లో రద్దయినది. నేడు అమలులోనున్నది 1969 నాటి జనన మరణ నమోదు చట్టము. దాని 17వ సెక్షను ప్రకారము ఎవరైనను రుసుము చెల్లించి పుస్తకములో వెదకించి నకలు పొందవచ్చును. మరణ కారణమును మాత్రము నకలులో తెలుపరు. పల్లెవారు పంచాయతీ కార్యదర్శిని, పట్టణవారు పురపాలక కార్యాలయమును మొదట అడుగవలెను. పాత పుస్తకముల కొరకు తహసీల్దారు కార్యాలయమునందును విచారింపవలెను.

ఇచ్చట జిల్లాల చరిత్ర తెలిసియుండుట ముఖ్యము. శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురము ప్రాంతములు 1936 వరకు గంజాం జిల్లాలోనివి. ఆ జిల్లా కేంద్రము ఛత్రపురము నేడు ఒడిశాలో నున్నది. ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతములు విశాఖపట్నం జిల్లాలో చేరినవి. 1950 ఆగస్టు 15 న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1 న విజయనగరం జిల్లా ఏర్పడినవి. పార్వతీపురమును చూడుడు. మొదట విశాఖ జిల్లా, పిదప శ్రీకాకుళం, తరువాత విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం. ఊరు కదలలేదు, జిల్లా మారినది. కనుక "మా జిల్లాలో దొరకలేదు" అని వెనుదిరుగక, మరణ సంవత్సరమున ఆ ఊరు ఏ జిల్లాలో నుండెనో చూచి అచ్చట వెదకవలెను.

పుస్తకము దొరికిన పిమ్మట మూడు జాగ్రత్తలు వహింపవలెను. ఒకటి, మరణించిన తేదీ వేరు, నమోదు చేసిన తేదీ వేరు. రెండు, మన సీమలో ప్రతి యూరను అప్పన్నలు, సింహాచలములు, రాములు, పైడితల్లులు పలువురుందురు. ఇంటిపేరు, తండ్రి పేరు, వయస్సు సరిపోలిననే మనవారని నమ్మవలెను. మూడు, స్త్రీల పేరు బదులు "ఫలానావాని భార్య" అని మాత్రమే యుండవచ్చును. కావున అమ్మమ్మను వెదకువారు తాతగారి పేరుతోను వెదకవలెను.

మూడవది పత్రికలు. పేరుగలవారి నిర్యాణ వార్తలు పాత దినపత్రికలలో దొరకవచ్చును. ఆంధ్రపత్రిక 1914 నుండి మద్రాసున దినపత్రికగా వెలువడినది. 1918 లో స్థాపింపబడిన వేటపాలెం సారస్వత నికేతనము పాత పత్రికల భాండారము. వార్త అచ్చయిన తేదీ మరణదినము కాదని మరువరాదు.

నాలుగవది తీర్థపురోహితుల వహీలు. గయ, ప్రయాగ, హరిద్వారములందు పండాలు యాత్రికుల ఊరు, వంశము, వచ్చినవారి పేర్లు వ్రాసి దాచుదురు. తాతగారు తమ తండ్రికి పిండప్రదానము చేయ వెళ్లియుండినచో ఆ వ్రాత దొరకవచ్చును. మరణతిథి లేకున్నను, ఆనాటికే ముత్తాత గతించెనని తెలియును.

సముద్రము దాటినవారి సంగతి వేరు. మన తీరమునుండి రంగూను, మారిషస్, నాటాల్ పోయి తిరిగిరానివారు పెక్కుమంది. మారిషస్‌లోని మోకాలో మహాత్మాగాంధీ సంస్థ నాటి వలస కూలీల పుస్తకములను భద్రపరచినది. 1942 లో బర్మానుండి కాలినడకన వచ్చుచు దారిలో పడిపోయినవారికి మాత్రము ఏ మునసబు లెక్క వ్రాయును?

తేదీ దొరికిన తరువాత తిథి. దివాన్ బహదూర్ స్వామికన్ను పిళ్ళైగారు 1922 లో ప్రకటించిన భారతీయ పంచాంగ సంపుటములు పాత తేదీలకు తిథులను చూపును. సంవత్సర నామము మాత్రమే తెలిసినచో ఒక చిక్కు కలదు. చిత్రభాను అన్నచో అది 1882 కావచ్చును, 1942 కావచ్చును. అరువదేండ్లకొకమారు అదే పేరు వచ్చును గదా. వారము గూడ తెలిసినచో సందేహము చాలవరకు తీరును.

ఎంత వెదకినను దొరకనిచో శాస్త్రము దారి మూయలేదు. మాసము తెలిసి తిథి తెలియనిచో ఆ మాసపు అమావాస్యనాడు చేయవచ్చును. రెండును తెలియనిచో ఆయన ఇల్లు విడిచిన దినమును, అదియు తెలియనిచో మరణవార్త విన్న దినమును గ్రహింపవచ్చునని ధర్మశాస్త్ర నిబంధములు చెప్పుచున్నవి. పరదేశమేగిన వారికి ఈ నియమము ఎంతటి ఊరటయో ఆలోచింపుడు. మహాలయ అమావాస్య యెల్లరకును ఉండనే యున్నది.

ఆ వృద్ధునకు నేనిట్లు చెప్పితిని. "నాయనా, నీవు శ్రద్ధతో పెట్టినది వ్యర్థము కాదు. తప్పు నాది గనుక దాని భారము నాది. ఇకమీదట అమావాస్యనాడు పెట్టుము." ఆ యేడాది శ్రావణ అమావాస్యకు దక్షిణ పుచ్చుకొనక నేనే స్వయముగా కార్యము చేయించితిని. కార్యము ముగిసిన పిదప ఆయన పుష్కరిణి మెట్లపై చాలసేపు కూర్చుండెను. లేచినప్పుడు నా చేయి పట్టుకొని, "ఈ యేడు అయ్య తిన్నాడండి" అనెను.

భక్తులారా! మీ ఇంట ఒక పుస్తకము పెట్టుడు. గతించినవారి పేరు, ఇంటిపేరు, గోత్రము, ఊరు, తేదీ, వారము, వేళ, తిథి అందులో వ్రాయుడు. వేళను మరువకుడు. ఇంటిలో వృద్ధులున్నచో ఈ సాయంకాలమే వారిచెంత కూర్చుండి అడుగుడు. రేపు అడుగుదమనుకొన్నచో వారు లేకపోవచ్చును.

స్వస్తి.