ముఖముపై మొటిమలు – మన ఆహారము

బాలబాలికలు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులకు వచ్చునప్పటికి నుదుటను, చెక్కిళ్లను, గడ్డమునను మొటిమలు పొడసూపుట సర్వసాధారణము. అయినను ఇది పలువురు విద్యార్థులకు గొప్ప మనోవ్యథ కలిగించుచున్నది. తల యెత్తి పాఠము చదువుటకు వెనుదీయువారిని, ఫోటో తీయు దినమున బడి మానువారిని మేము ఎరుగుదుము. అంతకంటె విచారకరమైనది మరియొకటి గలదు. వేడి చేయునను భయముచే చేపను, కోడిగ్రుడ్డును, పాలను మాని, ఉదయము ఏమియు తినక వచ్చి, ప్రార్థనాసమయమున కండ్లు తిరిగి కూలబడు పిల్లలున్నారు. కావున మొటిమ మన తిండిని గూర్చి నిజముగా ఏమి తెలుపునో, ఏమి తెలుపదో విచారింతము.

దేహముపై కనబడుదానినిబట్టి లోపలి దోషమును నిర్ణయించు అలవాటు పురాతనమైనది. యోబునకు అరికాలు మొదలు నడినెత్తివరకు కురుపులు లేచినప్పుడు అతని స్నేహితులు అతని పాపమే కారణమని వాదించిరి. వారు యుక్తముగా పలుకలేదని గ్రంథాంతమున దేవుడే తీర్పు చెప్పెను. నేడు మన యిండ్లలో పిల్లవాని ముఖము చూచి, రక్తము చెడినదనియు, శుభ్రత లేదనియు పలుకువారు ఆ స్నేహితుల కోవలోనివారే.

మొదట ఏది మొటిమయో తెలిసికొనవలెను. మన రుషికొండ తీరమున వేసవిలో ఉక్క విస్తారము. చెమట నాళములు మూసికొనిపోయి మెడమీదను, వీపుమీదను చిటచిటలాడుచు లేచునవి చెమటకాయలు. మామిడిపండ్ల కాలమున చీముపట్టి సలుపునవి సెగగడ్డలు. వీనికి కారణము సాధారణముగా స్టెఫిలోకాకస్ అను సూక్ష్మజీవి గాని మామిడిపండు కాదు. పండును ఉక్కయు ఒక్కకాలమున వచ్చుటచే నింద పండుపై పడినది. మొటిమ ఈ రెంటికంటెను వేరు.

రోమకూపముల నంటి తైలగ్రంథులుండును. యౌవనారంభమున ఆండ్రోజన్లను హార్మోనులు పెరుగుటచే ఈ గ్రంథులు పెద్దవై నూనెను అధికముగా స్రవించును. రోమకూపపు నోట మృతకణములు పేరుకొని బిరడావలె అడ్డుపడును. లోపల నిలిచిన నూనెయందు క్యూటీబాక్టీరియమ్ ఏక్నిస్ అను సూక్ష్మజీవి వృద్ధిపొంది, వాపు పుట్టును. కొన్నిటి మొన నల్లగా నుండుట చూచి మురికి యని తోముదురు. అది ధూళి కాదు, ఎంత తోమినను పోదు. వంశపారంపర్యమునకును ఇందు పెద్ద పాలు గలదు.

ఇక ఆహారము. 1969లో అమెరికాలో 65 మందికి చాకొలెట్టు తినిపించి, దానివలన మొటిమలు పెరుగలేదని ప్రకటించిరి. బహుకాలము వైద్యులు దానినే ప్రమాణముగా గైకొని తిండికిని మొటిమలకును సంబంధము లేదనిరి. అయితే పోల్చుటకై ఇచ్చిన చాకొలెట్టు లేని బిళ్లయందును క్రొవ్వును, పంచదారయు దాదాపు అంతే యుండెను! ఆ పరీక్ష చాకొలెట్టును విడిపించెనేమో గాని పంచదారను విడిపింపలేదు. 2002లో లోరెన్ కార్డెయిన్ మొదలగువారు పపువా న్యూగినీలోని కిటావా ద్వీపమున 1,200 మందిని పరీక్షించిన సంగతిని ప్రకటించిరి. వారిలో 300 మంది 15–25 ఏండ్లవారు. ఒక్కరికైనను మొటిమలు కనబడలేదు. వారి ఆహారము దుంపలు, పండ్లు, కొబ్బరి, చేపలు. మన జాలరిపేటల పిల్లలు భయపడి మానుచున్న చేపయే వారికి నిత్యాహారము! వారి వంశలక్షణము కూడ కారణమై యుండవచ్చును గనుక దీనినొక్కదానినే పట్టుకొనరాదు. 2007లో ఆస్ట్రేలియాలో 15–25 ఏండ్ల యువకులు 43 మందిపై 12 వారములు పరీక్ష జరిగెను. రక్తమున చక్కెరను మెల్లగా పెంచు ఆహారము తినినవారికి మొటిమలు ఎక్కువగా తగ్గెను. వారి బరువును తగ్గెను గనుక ఏది దేనివలననో పూర్తిగా విడదీయుట కష్టము.

కారణమిట్లు ఊహింపబడినది. పంచదార, మైదా, తెల్లగా మరపట్టిన బియ్యము శీఘ్రముగా జీర్ణమై ఇన్సులిను హెచ్చునట్లు చేయును. అది తైలగ్రంథులను ప్రేరేపించును. అనకాపల్లి బెల్లము మనకెంత ప్రియమైనను ఈ విషయమున పంచదారకు దగ్గర చుట్టమే. పాలు త్రాగువారికి మొటిమలు కొంత హెచ్చని 2005లో అమెరికా నర్సులు 47,355 మంది చెప్పిన సమాధానములవలన తోచెను. కాని అవి బడినాటి తిండిని ఏండ్ల పిదప జ్ఞప్తికి తెచ్చుకొని చెప్పినవి. అంతమాత్రమున ఎదుగు పిల్లలకు పాలు మాన్పింపరాదు. ఇముడనివారికి చోడి అంబలి యున్నది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు. చోడి అంబలి, చేపల పులుసు, తోటకూర – ఈ తీరపు అవ్వల తిండి – సముద్రపుటొడ్డున అమ్ము తీపి పానీయములకంటె ముఖమునకును మేలని మా అభిప్రాయము.

ఆహారలోపమును నిజముగా చాటు గురుతులు వేరుగా నున్నవి. పెదవుల మూలలు పగులుట తరచుగా రైబోఫ్లేవిను లోపమును తెలుపును. దక్కనులో జొన్నయే ముఖ్యాహారముగా గలవారిలో పెల్లాగ్రా అను వ్యాధి కనబడుచుండెను. ఎండ తగులు ముఖము, మెడ, చేతులపై చర్మము నల్లబడి పొలుసులు రాలును. ఇది నియాసిను లోపమువలన కలుగునది. జొన్నలోని ల్యూసిను హెచ్చుట కారణమై యుండునని 1960లో హైదరాబాదునందు సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియా సూచించిరి.

తల్లులకు ఒక మాట. బాలికకు మొటిమలతోబాటు ఋతుక్రమము మిక్కిలి తప్పుచు, గడ్డముపై వెండ్రుకలు పెరుగుచుండిన, అది హార్మోనుల వ్యత్యాసము కావచ్చును, డాక్టరమ్మకు చూపవలెను. తలకు నూనె కారునట్లు రాయుటవలన నుదుట మొటిమలు లేచును. దానికి తిండిని నిందింపరాదు.

అన్నిటికంటె అపాయకరమైనది మందులషాపులో చీటి లేకుండ కొనెడి స్టెరాయిడు క్రీము. నాలుగు దినములు ముఖము నిగనిగలాడును. పిదప చర్మము పలుచనై, ఎఱ్ఱబారి, మొటిమలు మునుపటికంటె హెచ్చును. మానినచో మంట, వాడినచో హాని. నిమ్మరసము, పండ్లపొడి పేస్టు పూయుటయు చర్మమును కాల్చును. రోజునకు రెండుమారులు తేలికపాటి సబ్బుతో కడుగుకొనుట చాలును. గిల్లిన మచ్చ నిలుచును. లోతైన గడ్డలు కట్టుచున్నచో చర్మవైద్యుని చూడవలెను. 1923 నుండి ప్రజలకు సేవ చేయుచున్న కింగ్ జార్జి ఆసుపత్రి మనకు దూరము కాదు. అక్కడ వ్రాసి యిచ్చు మందు రెండు దినములలో గుణమీయలేదని పారవేయకుడు. అది పనిచేయుటకు 8 మొదలు 12 వారములు పట్టును. మొదటి వారములలో చర్మము కొంచెము పొడిబారి మండినను, డాక్టరు నడిగి మోతాదు తగ్గించుకొనవచ్చును.