ఒక్క చెట్టు తోట కాదు
(ఉద్దానము నేర్పు పాఠము)

శ్రీమన్నారాయణునకు వనమాలి యని యొక పేరు. ఆ స్వామి వక్షమున వ్రేలాడు మాల ఒక్క జాతి పూవులతో కూర్చినది కాదు. పలు వన్నెల పుష్పములు, పలు పరిమళముల పత్రములు, తులసీదళములు ఒక్క దారమున చేరి వనమాల యగును. చేతనాచేతనములన్నియు భగవంతునకు శరీరమని భగవద్రామానుజులు ఉపదేశించిరి. శరీరమున కన్ను చేయు పనిని చెవి చేయజాలదు. చేయి చేయు పనిని పాదము చేయజాలదు. అట్లే పుడమిపై ఒక్కొక్క ప్రాణికి ఒక్కొక్క పని కలదు. ఒక ప్రదేశమున నివసించు చెట్టుచేమలు, పశుపక్ష్యాదులు, క్రిమికీటకముల విభిన్నతను నేటి శాస్త్రము జీవవైవిధ్యమని పిలుచుచున్నది. ఆ వైవిధ్యము ఉన్నచో కలుగు మేలును, లోపించినచో కలుగు కీడును కన్నులకు కట్టినట్లు చూపు సీమ యొకటి శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసయందున్నది. అదియే ఉద్దానము.

ఉద్యానమే ఉద్దానము

ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో కడలి చేరువగా పరచుకొన్న నేల ఇది. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని ప్రతీతి. ఒక ప్రక్క పరశురాముని తపోభూమిగా కొనియాడబడు మహేంద్రగిరి. ఒక ప్రక్క బంగాళాఖాతము. కొండలలో జన్మించిన మహేంద్రతనయ బారువ వద్ద సాగరమున కలియును. మందసలో వాసుదేవ పెరుమాళ్లు, బారువలో జనార్దనస్వామి కొలువై యున్నారు.

ఇచ్చటి పాతతోటను పరికించినచో అది అంతస్తుల మేడవలె తోచును. అన్నిటికంటె పైన కొబ్బరి మట్టలు; వాని క్రింద పనస, మామిడి, జీడిమామిడి; ఇంకను క్రింద అరటి, మునగ; నేలపై గడ్డియు రాలిన ఆకును. పై చెట్టు విడిచిన ఎండను క్రింది చెట్టు గ్రహించును. ఒకదాని వేరు పైమట్టిలో వ్యాపించును, మరొకదాని వేరు లోతునకు దిగును. రాలిన ఆకును వానపాములు, చెదలు, కంటికి కనబడని సూక్ష్మజీవులు ఎరువుగా మార్చి మరల వేళ్లకు అందించును. కొబ్బరి దిగుబడి తగ్గిన యేట పనస ఆదుకొనును. పనస కాయని యేట జీడి ఆదుకొనును.

జీడిమామిడి ఈ దేశపు చెట్టు కాదు. బ్రెజిల్ దేశమునుండి పోర్చుగీసువారు 16వ శతాబ్దమున దానిని భారతదేశమునకు తెచ్చిరి. అతిథిగా వచ్చిన ఆ చెట్టు నేడు పలాస, కాశీబుగ్గల ఇంటింటికి అన్నము పెట్టుచున్నది. జీడిపిక్కలను కాల్చి, కొట్టి, పొట్టు తీసి పప్పును వేరుచేయు పనిలో అచ్చటి స్త్రీలు అనేకులు జీవనము సాగించుచున్నారు. అయితే జీడిపూవు పిందెగా మారవలెనన్నచో తేనెటీగలు మొదలగు కీటకములు పూవునుండి పూవునకు పుప్పొడిని మోయవలెను. పెరుమాళ్ల ప్రసాదమున కనబడు జీడిపప్పునకు వెనుక కూలితల్లి చేయి యున్నది. ఆ చేతికి వెనుక ఒక చిన్న తేనెటీగ రెక్క యున్నది.

ఒకరి కొకరు ఆధారము

ఒక చోట జీవించు ప్రాణులును, వానికి ఆధారమైన నేల, నీరు, గాలి, ఎండలును పరస్పరము పెనవేసికొని యుండుటను ఆవరణవ్యవస్థ యందురు. వర్షము, అన్నము, ప్రాణులు, యజ్ఞకర్మ ఒకదానినొకటి నిలుపుకొను చక్రమును గీతాచార్యుడు తృతీయాధ్యాయమున చూపియున్నాడు. ఆ చక్రమున ఒక ఆకు విరిగినను బండి నడక చెడును.

ఇచ్ఛాపురము మండలము తేలుకుంచి గ్రామమునకు తొలకరితో ఒక జాతి కొంగలు గుంపులుగా వచ్చును. ముక్కు మూసినను నడుమ సందు కనబడుట వీని గుర్తు. ఆ ముక్కుతోనే అవి నత్తగుల్లలనుండి మాంసమును లాగి తినును. వరిమడిలో నత్తలు పెరుగకుండ చూచునవి ఇవి. రెట్టతో నేలకు బలము నిచ్చునవియు ఇవియే. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమునకు గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును గూళ్లు కట్టుటకు వచ్చును. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల వలె గ్రామస్థులు వానిని కాపాడుచున్నారు. ఆ పక్షులకు ఆహారము నౌపడ చిత్తడినేలలలోను, చుట్టుప్రక్కల చెరువులలోను దొరకును. కనుక గూటిచెట్టును మాత్రము కాపాడి చెరువును విడిచినచో పక్షిని కాపాడినట్లు కాదు.

సోంపేట ప్రాంతమున బీల యని పిలువబడు పల్లపు చిత్తడినేల కలదు. వాననీటిని తనలో నిలుపుకొని వరికి, చేపలకు, పశువుల మేతకు ఆధారమగు నేల అది. చూచువారికి పనికిరాని బురదగా తోచును. దానిపై బ్రతుకువారికి అది కామధేనువు. ఆ నేలయందు విద్యుత్కేంద్రము తలపెట్టినపుడు రైతులు, మత్స్యకారులు అడ్డునిలిచిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణనష్టము జరిగినది. ఆ దినముననే ఆ నిర్మాణమునకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయినది. చిత్తడినేల విలువ దానిని ఆశ్రయించినవారికి ఎంతటిదో ఆ సంఘటన చాటినది.

సంఖ్యలోని మర్మము

ఒక ప్రదేశమున నున్న ఒకే జాతి ప్రాణుల మొత్తమును ఆ జాతి జనాభా యందురు. పుట్టుకలు, చావులు, రాకలు, పోకలు అను నాలుగింటిచే ఆ సంఖ్య పెరుగుచు తరుగుచు ఉండును. అన్ని జాతులకు ఒకే లెక్క చెల్లదు.

పొలమునందలి ఎలుక గర్భము మూడు వారములు. ఏడాదిలో పలుమారులు ఈనును. గుడ్లగూబ, జెర్రిపోతు ఉన్నంతవరకు దాని సంఖ్య అదుపులో నుండును. జెర్రిపోతును భయముచే చంపుకొన్న రైతు గాదెను ఎలుకకు అప్పగించినవాడగును.

సముద్రపు తాబేలు లెక్క వేరు. శ్రీకాకుళతీరమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శీతకాలము చివర రాత్రివేళ ఒడ్డునకు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, నూరు గ్రుడ్ల వరకు పెట్టి, కప్పి, వెనుకకు చూడక కడలికి మరలును. సుమారు ఒకటిన్నర రెండు నెలలకు పిల్లలు వెలువడును. కాకులు, కుక్కలు, నక్కలు, పీతలు, చేపలు వానిని తినగా వేయింటికి ఒకటి మాత్రమే పెద్దదగునని పరిశీలకుల అంచనా. అట్లు పెరిగినది తల్లియగుటకు పది సంవత్సరములకు పైగా పట్టును. కావున పెద్ద తాబేలు ఒకటి మరపడవల వలలో చిక్కి ఊపిరాడక మరణించినచో, వేల గ్రుడ్ల ఫలము ఒక్కసారిగా నశించినట్లే. శ్రీకూర్మక్షేత్రమున కూర్మనాథుని సేవించి, ఆలయమునందలి నక్షత్రతాబేళ్లకు నమస్కరించు యాత్రికులు, ఆ జిల్లా తీరమునకే వచ్చు ఈ సముద్రకూర్మములను కూడ స్మరింపవలెను.

ఎక్కువ సంఖ్య యున్నంతమాత్రమున భద్రత కలుగదు. 2021 చివరను, 2022 మొదటను తేలినీలాపురమున నూరుకు మించిన గూడబాతులు మరణించెను. చేపల ద్వారా వాని కడుపున చేరిన నులిపురుగులు అందుకు కారణములని తేలినది. కొలది తావులలో మాత్రమే గూళ్లు కట్టుకొను జాతికి ఒక్క తావున వచ్చిన తెగులే పెను విపత్తు.

తిత్లీ రాత్రి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పెనుతుఫాను పలాస సమీపమున తీరము దాటెను. తిత్లీ యనగా సీతాకోకచిలుక. పేరు సుకుమారమైనను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో గాలి వీచెను. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12వ తేదీననే ఈ తీరమును తాకియుండెను. అయినను ఉద్దానమునకు తిత్లీ మిగిల్చిన దుఃఖము వేరు. తాతలు నాటిన కొబ్బరిచెట్లు మొదళ్లతో కూలెను; విశాలముగా కొమ్మలు చాచిన జీడిచెట్లు గాలికి లొంగి పెకలెను. కొబ్బరి తోటయే ఆస్తియైన కుటుంబము ఒక్క రాత్రిలో ఏమియు లేనిదాయెను. నాటు కొబ్బరి మరల కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. ఆ నడిమి యేండ్లు ఎట్లు గడచును? ఇదియే అసలు ప్రశ్న.

ఆపద అంతటితో ఆగదు. కూలిన మానులు క్రుళ్లుచుండగా అందు కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టి వృద్ధి చెందును. అది మిగిలిన చెట్ల మొవ్వును తొలుచును. ఆ గాయములగుండ ఎర్రముక్కు పురుగు లోపలకు చొచ్చును. చెంతచెంతనే కొబ్బరి తప్ప మరియొకటి లేని తోటలో పురుగునకు ఒక చెట్టునుండి మరొక చెట్టునకు దారి సుగమము. కూలిన మానులను తొలగించుట, కొమ్ముపురుగు పిల్లలను చంపు పచ్చబూజును ఎరువుకుప్పలలో చల్లుట వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పు ఉపాయములు. ఆ పచ్చబూజు కూడ సృష్టిలోని యొక ప్రాణియే!

కోలుకొను శక్తి

దెబ్బ తగిలిన పిమ్మట తన రూపమును, తన పనిని మరల పొందగలుగుట ఆవరణవ్యవస్థకు గల కోలుకొను శక్తి. క్షీరసాగరమథనమున మందరగిరి క్రుంగినపుడు కూర్మమూర్తి దానిని వీపున మోసి నిలిపిన రీతిగా, పైకి కనబడని వైవిధ్యము నేలను క్రిందనుండి మోయుచుండును. ఒకే పనిని రెండు మూడు జాతులు చేయుచున్నచో, ఒకటి పడిపోయినను పని ఆగదు. కొబ్బరి కూలినను తాటి నిలుచును. అరటి ఒరిగినను దాని పిలక ఏడాది తిరుగకముందే గెల వేయును. మునగ విరిగిన మొదటనుండి మరల చిగిర్చును. ఇవి కాపునిచ్చుచుండగా చిన్న కొబ్బరిమొక్క నెమ్మదిగా ఎదుగును.

తీరమున గాలిని అడ్డగించుటకు సరుగుడు నాటుట మేలే. కాని ఒడ్డు అంచువరకు సరుగుడే క్రిక్కిరిసినచో తాబేలు గ్రుడ్లు పెట్టుటకు చోటు మిగులదు. మొగలిపొదలు, తాటివరుసలు, ఇసుకను పట్టియుంచు ఊదాపూల తీగ, వాని వెనుక సరుగుడు – ఇట్లు పలువరుసలు కలిసి నిలిచిన కోట బలమైనది.

గృహస్థుల కైంకర్యము

తిరుమలపై అనంతాళ్వాన్ గురువాజ్ఞచే పూదోటను పెంచి స్వామికి పుష్పకైంకర్యము చేసెను. తోట పెంచుట భగవత్సేవయే యని వైష్ణవులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్దానపు గృహస్థుడు పోయిన కొబ్బరి స్థానమున మరల కొబ్బరిని నాటునపుడు, దాని సరసన ఒక పనసను, ఒక మునగను, గట్టుపై నాలుగు తాటిటెంకలను పాతుట తన బిడ్డలకు వ్రాసియిచ్చు భద్రతాపత్రము. పురుగుమందును పూతవేళ చల్లకుండుట తేనెటీగకు చేయు ఉపకారము. తీరమునకు వచ్చు యాత్రికుడు రాత్రి దీపములతో తాబేలును బెదరింపకుండుట, ప్లాస్టిక్ సంచులను ఇసుకలో విడువకుండుట కూర్మనాథునకు చేయు అర్చనలో భాగము.

మరియొక తుఫాను రాకమానదు. గాలిని ఆపు శక్తి మానవునకు లేదు. గాలి వెడలిన మరునాడు తోటలో ఏమి మిగిలియుండవలెనో నేడే నిర్ణయించుకొను శక్తి మాత్రము అతనికి కలదు. పలుపూవుల మాలను ప్రీతితో ధరించిన వనమాలి, పలుజాతుల తోటను పెంచు చేతులను కటాక్షించుగాక!