హైస్కూల్ నుంచే మెడికల్ సీటు: అమెరికా బీఎస్-ఎండీకి తయారీ

ప్రవేశ పరీక్ష రాసి నేరుగా ఎంబీబీఎస్‌లో చేరే పద్ధతి చూసి పెరిగిన మన తల్లిదండ్రులకు అమెరికా దారి చాలా పొడుగ్గా కనిపిస్తుంది. అక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ పరీక్ష, ఆపైన నాలుగేళ్ల ఎండీ. డిగ్రీకీ, ఎండీకీ కలిపి హైస్కూల్ చివర్లోనే సీటు ఖాయం చేసేవి బీఎస్-ఎండీ కోర్సులు. అందుకే అక్కడి తెలుగు ఇళ్లలో వాటి మీద అంత ఆశ. బ్రౌన్ యూనివర్సిటీ పీఎల్‌ఎంఈ కోర్సుకు ఎనిమిదేళ్లు పడుతుంది. కేన్సస్ సిటీలోని యూఎంకేసీ కోర్సు ఆరేళ్లలోనే పూర్తవుతుంది.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) బయాలజీ, ఏపీ కెమిస్ట్రీ, కాల్‌క్యులస్‌లలో మంచి గ్రేడ్లు ఉండాల్సిందే. కానీ దరఖాస్తు చేసేవాళ్లలో దాదాపు అందరికీ అవి ఉంటాయి. పదిహేడేళ్ల వయసులో డాక్టర్ పని గురించి మీకు నిజంగా ఏం తెలుసన్నదే ఎంపికలో తేడా తెస్తుంది.

ఆ అవగాహనను పన్నెండో గ్రేడ్‌లో హడావిడిగా సంపాదించలేం. తొమ్మిది, పది గ్రేడ్లలోనే దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లోనో ఆస్పత్రిలోనో వారానికి కొన్ని గంటలు వాలంటీరుగా చేరండి. కొన్ని ఆస్పత్రులు పదహారేళ్లు నిండితే గానీ తీసుకోవు కాబట్టి ముందే వాకబు చేయాలి. నాలుగు చోట్ల నెలేసి రోజులు తిరగడం కన్నా ఒకేచోట రెండేళ్లు నిలబడటం మేలని నా గట్టి నమ్మకం. మతిమరుపు వచ్చిన పెద్దాయనకు ఓపిగ్గా అన్నం తినిపించిన పిల్ల చెప్పగలిగే మాట ఏ సర్టిఫికెట్టూ చెప్పలేదు. షాడోయింగ్‌కి, అంటే డాక్టర్ వెంట ఉండి పని గమనించడానికి, తెలిసిన అంకుల్ క్లినిక్ ఒక్కటే సరిపోదు. నర్సులతో, థెరపిస్టులతో కూడా మాట్లాడండి. ఆ రోజు చూసింది, మనసులో మెదిలింది నోట్‌బుక్‌లో రాసుకోండి. రోగుల పేర్లు, వివరాలు మాత్రం రాయకూడదు. రేపు వ్యాసాలకూ ఇంటర్వ్యూకూ ఆ పుస్తకమే ఆధారం.

ఎందుకంటే ఇంటర్వ్యూలో ఇలాంటివే అడుగుతారు: నర్సు ఎందుకు కాకూడదు? ఇంకో నాలుగేళ్లు ఆగి ఎందుకు నిర్ణయించుకోకూడదు? చిన్నప్పటి నుంచి కోరిక అన్న జవాబు అక్కడ నిలవదు. అమ్మానాన్నల కోరికైతే అసలే నిలవదు.

సిఫారసు లేఖల కోసం సైన్స్ టీచర్‌ని పదకొండో గ్రేడ్ పూర్తయ్యేలోపే అడగాలి. చాలా కోర్సుల గడువు నవంబరు, డిసెంబరు ప్రాంతాల్లో ముగుస్తుంది కాబట్టి ఆ వేసవిలోనే వ్యాసాలు మొదలుపెట్టాలి.

తల్లిదండ్రులు ముందుగా చూడాల్సింది వీసా సంగతి. చాలా కోర్సులు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుంటాయి. హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలు ఒక్కో కోర్సు నిబంధన చదివాకే జాబితా వేసుకోవాలి. సీటొచ్చాక కూడా నిర్ణీత జీపీఏ నిలబెట్టుకోవాలి, కొన్నిచోట్ల ఎంక్యాట్‌లో కనీస స్కోరు తేవాలి. పిల్లలకు ఇంకా తేలకపోతే ఒత్తిడి చేయకండి. మామూలు డిగ్రీ చదివి ఎండీకి వెళ్లే దారి తెరిచే ఉంటుంది, అమెరికా డాక్టర్లలో ఎక్కువమంది వచ్చిందీ ఆ దారినే.