డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

షాపు పేరు ఖాయం చేసి, బోర్డు రాయించి, విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాక గానీ చాలామందికి డాట్ కామ్ గుర్తుకు రాదు. అప్పటికే ఎవరో ఆ పేరు కొనేసి ఉంటే కబ్జా అని మండిపడతాం. ముందు కొన్న ప్రతివాడూ కబ్జాదారు కాడు. 'గుంటూరు పచ్చళ్లు' అన్నది సరుకు ఏమిటో చెప్పే పేరు, ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరు ముందు కొంటే వారికి దక్కుతుంది. మీరు బజారులో సంపాదించుకున్న పేరును సొమ్ము చేసుకోవాలని కొన్నవాడి సంగతి వేరు.

ఆ రెండోవాడి ఆట మన కోర్టులు ఎప్పుడో కట్టించాయి. హైదరాబాద్ మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పేరు చివర 'ల్యాబ్' తగిలించి ఎవరో డాట్ కామ్ తీసుకుంటే 2001లో ఢిల్లీ హైకోర్టు అడ్డుకుంది. ఇంటర్నెట్ సేవల సంస్థ సత్యం ఇన్ఫోవే 1999లో 'సిఫీ' పేరుతో డొమైన్లు తీసుకుంది. తర్వాత బెంగళూరులో ఒక సంస్థ 'సిఫీనెట్' అంటూ మొదలుపెట్టింది. కర్ణాటక హైకోర్టులో సత్యం ఇన్ఫోవేకు ఎదురుదెబ్బ తగిలినా 2004లో సుప్రీంకోర్టు దాని పక్షానే నిలిచింది. డొమైన్ల కోసం ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి పేరును తనదిగా చలామణి చేసుకోకుండా ఆపే పాత సూత్రం వీటికీ వర్తిస్తుందని చెప్పింది. ఆ పేరు ముందునుంచీ తమదేనని సత్యం ఇన్ఫోవే రుజువులతో చూపగలిగింది. మీరూ బిల్లులు, ప్రకటనలు, పాత కరపత్రాలు పారేయకండి.

కోర్టుల దాకా పోని తలనొప్పి ఇంకొకటి ఉంది, నా లెక్కలో అదే ఎక్కువ. వెబ్‌సైట్ చేసే కుర్రాడికి డబ్బులిచ్చి 'అన్నీ నువ్వే చూసుకో బాబూ' అంటాం. అతను తన అకౌంటులో, తన మెయిల్‌తో డొమైన్ తీసుకుంటాడు. దురుద్దేశం ఏమీ ఉండదు. కొన్నాళ్లకు అతనికి వేరే ఊళ్లో ఉద్యోగం వస్తుంది, ఫోన్ నంబరు మారుతుంది, రెన్యువల్ హెచ్చరికలు ఎవరూ తెరవని ఇన్‌బాక్సులో పడుతుంటాయి. డాట్ కామ్ గడువు దాటి రద్దయ్యాక కూడా 30 రోజులపాటు అదనపు రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత అయిదు రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇలా వదిలేసిన పేర్ల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లున్నారు. కాబట్టి రిజిస్ట్రెంటుగా, అంటే డొమైన్ సొంతదారుగా, ఎవరి పేరుంది, ఏ మెయిల్ ఉంది, ఎవరి కార్డుతో చెల్లింపు జరుగుతోంది అని ఇవాళే అడగండి. ఆ అకౌంటుకు అదే డొమైన్‌తో నడిచే మెయిల్ ఇవ్వకండి. డొమైన్ ఆగితే మెయిలూ ఆగుతుంది, హెచ్చరిక ఎక్కడికి వస్తుంది?

నిజంగా కబ్జాయే అయితే కోపంతో ఫోన్ చేయకండి. ముందు ఆ సైటును తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూపే హూయిజ్ వివరాలు దాచండి. ఆ తర్వాతే మెయిల్ రాయండి. ధర అవతలివాడినే చెప్పనివ్వండి. మీకు అంటగట్టి ఖర్చుకు మించి గుంజడానికే కొన్నాడని తేలితే అదే దురుద్దేశానికి సాక్ష్యం.

డాట్ కామ్ అయితే యూడీఆర్‌పీ అనే డొమైన్ వివాదాల విధానం కింద జెనీవాలోని ప్రపంచ మేధాసంపత్తి సంస్థ (వైపో) లాంటి సంస్థ దగ్గర ఫిర్యాదు చేయాలి. ఒక్క ప్యానెలిస్టుతో, అయిదు పేర్ల దాకా రుసుము 1,500 డాలర్లు. పేరు మీ మార్కును పోలి ఉందని, అవతలివాడికి దానిపై న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే కొని వాడుతున్నాడని మూడూ రుజువు కావాలి. డాట్ ఇన్ అయితే ఆ పేర్లను నిర్వహించే నిక్సీ నియమించే మధ్యవర్తి తేలుస్తారు. అక్కడ కొనడంలోనో వాడకంలోనో ఏదో ఒకచోట దురుద్దేశం కనబడినా చాలు. రెండు దారుల్లోనూ దక్కేది పేరు బదిలీయో రద్దో మాత్రమే. నష్టపరిహారం కావాలంటే కోర్టుకే వెళ్లాలి. అందుకే అవతలివాడు అడిగే మొత్తం ఈ ఖర్చులకన్నా తక్కువైతే రోషం పక్కనపెట్టి లెక్క వేయమంటాను.

ఏ దారిలో వెళ్లినా మార్కు మీదని చూపాలి కాబట్టి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వాయిదా వేయకండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది.

మీ పేరుతో నకిలీ సైటు పెట్టి కస్టమర్ల డబ్బు కాజేస్తుంటే ఇవేవీ ముందు కాదు. డబ్బు పోయినవాళ్లను వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, మీరు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ సంస్థలో దుర్వినియోగ ఫిర్యాదుల విభాగానికి అదే రోజు మెయిల్ పెట్టండి.