మిరప నల్ల తామర పురుగుపై పరిశోధన: గ్రాంటు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మాది మంగళగిరి. ప్రైవేటు కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మిరపలో నల్ల తామర పురుగు నివారణపై కేంద్ర నిధుల కోసం పంపిన ప్రతిపాదన రెండుసార్లు తిరస్కరించారు. ప్రైవేటు కాలేజీ కాబట్టేనా?

జవాబు: అదే కారణమని అనుకోను. 2023 చట్టంతో ఏర్పడి, పాత సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రిసెర్చ్ బోర్డు (సెర్బ్) బాధ్యతలను అందుకున్న అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్ పథకాలకు అర్హతలున్న ప్రైవేటు సంస్థల వారూ దరఖాస్తు చేయవచ్చు. 2021-22లో ఈ పురుగు గుంటూరు, ప్రకాశం మిరప తోటలను ఎంత దెబ్బతీసిందో సమీక్షకులకు తెలిసిందే. కాబట్టి నష్టం గురించి పేజీలు నింపవద్దు. మూడేళ్లలో మీరు ఏ ఒక్క ప్రశ్న తేల్చగలరో చెప్పండి. ‘సమగ్ర నివారణ’ ఎవరికీ అందని మాట. పూలలో దాక్కున్న పురుగుకు మందు ఎందుకు సరిగా తగలడం లేదన్నది మాత్రం పరీక్షించదగిన ప్రశ్న. ఒక సీజన్‌లో మీరే సేకరించిన చిన్నపాటి లెక్కలైనా జతచేస్తే దానికి బలం వస్తుంది.

మరి పరికరాలు లేవు కదా అంటారేమో. లాంలోని వ్యవసాయ పరిశోధన స్థానం మీకు దగ్గరే. అక్కడి కీటక శాస్త్రవేత్తను సహ పరిశోధకులుగా అడగండి, వారి సమ్మతి పత్రం జతచేయండి. సమీక్షకుల వ్యాఖ్యలు అర్థం కాకపోయినా, వయసు, ఉద్యోగ అర్హతలపై సందేహమున్నా, గడువుకు నెల ముందే పథకం ప్రకటనలో ఇచ్చిన అధికారికి నేరుగా రాయండి.