ధాన్యపు రాశులపై కప్పు పట్టల సంరక్షణము

ఆలస్యముగా కోసిన ఎడగారు ధాన్యము కళ్లమున నుండగనే ఈశాన్య ఋతుపవనపు వానలు మొదలగుట గూడూరు ప్రాంతమున క్రొత్త గాదు. అప్పుడు పంటను కాపాడునది టార్పాలిను పట్టయే. ప్రభుత్వ కొనుగోలునకు ధాన్యమున తేమ నూటికి 17 పాళ్లు మించరాదు గనుక, పట్టకు చిన్న రంధ్రమున్నను నష్టమే.

1. పని ముగియగనే మట్టిని మెత్తని చీపురుతో తుడిచి, మంచినీటితో కడుగవలెను. కోట, వాకాడు వంటి తీరప్రాంతములందు ఇది మరింత ముఖ్యము. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చును గనుక, ఉప్పంటిన గుడ్డ చక్కగా ఆరదు. చాకలి సోడా, కిరసనాయిలు వాడరాదు. నీటిని ఆపు పూత చెడును.

2. ఇరువైపుల బాగుగా ఆరిన పిదపనే మడువవలెను. తడి మడతలో బూజు పుట్టి కాన్వాసు గుడ్డ చివికిపోవును. ప్లాస్టిక్ పట్టకు ఎండయే శత్రువు. ఆరగనే నీడకు చేర్పవలెను.

3. గింజ మిగిలినచోట ఎలుక చేరును. కావున పట్టను దులిపి, నేలకు తగులకుండ దూలమునకు వ్రేలాడగట్టవలెను.

4. చిరుగులను వానకాలమునకు ముందే అతికింపవలెను.

5. రాశిని నడుమ ఎత్తుగా జేసి కప్పవలెను, నీరు నిలువదు. వాన వెలిసి ఎండ కాయగనే పట్ట తీయనిచో, లోని ఆవిరి నీరై గింజను తడుపును.

ఎరువు తెచ్చుకొన్న పట్టనైనను ఇట్లే కడిగి, ఆరబెట్టి అప్పగించుట మన ధర్మము.