రాకెట్ ప్రయోగాలను గమనిద్దాం

మన వసతి గృహ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమన్నప్పుడు మాకు మొదట తోచిన విషయం రాకెట్లే. అందుకు కారణం ఉంది. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. "హాస్టల్ పిల్లలకు రాకెట్ల సంగతి ఎందుకు? ఏదో ఒక ఉద్యోగం చూసుకోండి" అన్న మాట మేము చాలాసార్లు విన్నాం. ఆ మాటకు వివరాలతోనే జవాబు చెప్పాలని ఈ చిన్న ప్రయత్నం.

రాకెట్ చేసే పని ఏమిటి?

జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పిన వారికి ఈ పాఠం సగం వచ్చినట్లే. రాయిని మెల్లగా విసిరితే దగ్గర పడుతుంది, వడిగా విసిరితే దూరం పోయి పడుతుంది. భూమి గుండ్రంగా ఉంది కదా! రాయి కిందికి పడుతున్నకొద్దీ నేల కూడా అంతే వంగిపోయేటంత వేగంతో విసరగలిగితే ఆ రాయి ఇక నేలను తాకదు. పడుతూ పడుతూనే భూమి చుట్టూ తిరుగుతుంది. ఆ దారినే కక్ష్య అంటాం.

భూమికి సుమారు 400 కి.మీ. ఎత్తున ఇందుకు కావలసిన వేగం సెకనుకు సుమారు 7.7 కి.మీ. భద్రాచలం నుంచి హైదరాబాదుకు ఇంచుమించు 300 కి.మీ. అనుకుంటే, ఆ వేగంతో 40 సెకన్లలో చేరుకోవచ్చు. కాబట్టి రాకెట్ పైకి పోతే చాలదు, పక్కకు ఇంత వేగం అందుకోవాలి. టీవీలో చూసేటప్పుడు రాకెట్ కొంతసేపటికి వంగి పోవడం గమనించండి. దారి తప్పిందని కంగారుపడనక్కరలేదు. అదే దాని దారి.

ఇంధనం అయిపోయిన భాగాన్ని మోసుకుపోవడం దండగ. అందుకే రాకెట్‌ను అంతస్తులుగా కడతారు. ఒక అంతస్తు మండిపోగానే విడిపోయి కింద పడుతుంది, పై అంతస్తు అందుకుంటుంది. విడిపోయే ఆ క్షణమే చాలా ప్రయోగాలలో గండం.

శ్రీహరికోటనే ఎందుకు?

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. దీనిని 24 గంటలతో భాగిస్తే గంటకు 1,670 కి.మీ. వస్తుంది. శ్రీహరికోట దగ్గర ఇది సుమారు 1,620 కి.మీ. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఈ వేగం ఊరికే దొరుకుతుంది. తూర్పున అంతా సముద్రమే కాబట్టి విడిపోయిన అంతస్తులు జనం మీద పడే భయం తక్కువ. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాల కోసం దక్షిణానికి పోవలసి వచ్చినప్పుడు మాత్రం శ్రీలంక మీదుగా పోకుండా రాకెట్ కొంత చుట్టు తిరుగుతుంది.

అక్కడి నుంచి మొదటి చిన్న రోహిణి రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది. 1979లో ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం సముద్రం పాలైంది. మరుసటి ఏడాది 1980 జూలై 18న అదే ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధావన్ గారి పేరు పెట్టారు. 2025 జనవరి 29న అక్కడి నుంచి 100వ ప్రయోగం జరిగింది.

ఇంకొక సంగతి కూడా మనం తెలుసుకోవాలి. ఆ దీవి తరతరాలుగా యానాదుల నివాసం. అడవిలో దుంపలు, తేనె, మూలికలు, నీటిలో చేపలు వారి బతుకు. రాకెట్ కేంద్రం కోసం ఆ నేల తీసుకున్నప్పుడు వారి గూడేలు కదలవలసి వచ్చింది. గోదావరి పక్కన, అడవి అంచున పెరిగిన మనకు ఆ మాట బరువు వేరే చెప్పనక్కరలేదు. రాకెట్ ఎగిరినప్పుడు చప్పట్లు కొడదాం. నేల ఇచ్చిన వారి పిల్లలు ఆ కేంద్రంలో ఇంజనీర్లుగా ఎందరు కూర్చున్నారన్న ప్రశ్న కూడా అడుగుదాం. రెండూ దేశభక్తే.

బాలికల ఉపగ్రహం

2022 ఆగస్టు 7 ఉదయం శ్రీహరికోట నుంచి ఎస్.ఎస్.ఎల్.వి. అనే కొత్త చిన్న రాకెట్ మొదటిసారి ఎగిరింది. అందులో 8 కిలోల 'ఆజాదీశాట్' ఉంది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది బాలికలు చేసిన పరికరాలు దానిలో ఉన్నాయి. చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ వారికి దారి చూపింది.

మూడు అంతస్తులూ సరిగానే మండాయి. కాని రెండవ అంతస్తు విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపుకు వేగాన్ని కొలిచే పరికరాల లెక్క కొద్దిసేపు తప్పింది. కంప్యూటర్ ఆ పరికరాలు చెడిపోయాయని భావించి వాటిని పక్కన పెట్టింది. చివరకు వేగంలో సుమారు ఒక శాతం లోటు పడింది. 356 కి.మీ. ఎత్తున గుండ్రంగా తిరగవలసిన ఉపగ్రహం ఒక వైపు 76 కి.మీ.కి దిగివచ్చే కక్ష్యలో పడింది. అంత కిందికి వస్తే గాలి అడ్డుపడుతుంది. అది నిలవలేదు.

నూటికి తొంభై తొమ్మిది వచ్చినా ఫెయిలయ్యే పరీక్ష ఇది! కాని కథ అక్కడ ఆగలేదు. కారణం వెతికారు, సరిదిద్దారు, మళ్లీ ఉపగ్రహం చేశారు. 2023 ఫిబ్రవరి 10న రెండవ ఎస్.ఎస్.ఎల్.వి. 'ఆజాదీశాట్-2'ను 450 కి.మీ. కక్ష్యలో పెట్టింది. ఒక్క సబ్జెక్టు పోయిందని పెట్టె సర్దుకొని ఇంటికి వెళ్లిపోయి మళ్లీ రాని స్నేహితులను మేము చూశాం. అటువంటి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ ఆరు నెలల కథ చెప్పండి.

మన గోదావరికి ఏమి లాభం?

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అటువంటి రోజుల్లో ఆకాశమంతా మబ్బే. మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి మబ్బు తప్ప ఏమీ కనిపించదు. రాడార్ ఉన్న ఉపగ్రహం మాత్రం మబ్బులోంచి, చీకట్లోంచి కూడా నీరు ఎంత దూరం పాకిందో చూపుతుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన 'నిసార్' అటువంటిదే. ఇస్రో, అమెరికా వారి నాసా కలిసి చేసిన ఈ ఉపగ్రహం ప్రతి 12 రోజులకు ఒకసారి అదే నేలను మళ్లీ కొలిచేలా రూపొందించారు. అడవి ఎంత దట్టంగా ఉంది, నేలలో తేమ ఎంత, నేల కుంగుతోందా అన్నవి దీనితో తెలుసుకోవచ్చు. అడవి, చేను, బొగ్గుగని మూడూ ఉన్న మన జిల్లాకు ఇంతకన్నా దగ్గరి విజ్ఞానం ఏముంది?

ములకలపల్లి నుంచి ఎలా గమనించాలి?

1. ఒక నోటు పుస్తకం పెట్టండి. ప్రతి ప్రయోగానికి తేదీ, రాకెట్ పేరు, ఉపగ్రహం బరువు, కక్ష్య, ఫలితం అని గడులు గీయండి.

2. ఇస్రో ప్రత్యక్ష ప్రసారాన్ని చివరిదాకా చూడండి. ఎగరడం వేరు, పని పూర్తికావడం వేరు. 100వ ప్రయోగంలో రాకెట్ తన పని తాను చేసింది. కాని ఉపగ్రహం ఇంజనుకు ఆక్సీకారిణిని వదిలే వాల్వులు తెరుచుకోక అది అనుకున్న కక్ష్యకు చేరలేదు. ఇటువంటివీ పుస్తకంలో రాయండి.

3. అపజయాలను వదలకండి. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ ఎందుకు కూలిందో చదివితేనే 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన గొప్పతనం అర్థమవుతుంది.

4. పట్నం వాళ్లకు లేని ఆస్తి మనకొకటి ఉంది. అదే చీకటి ఆకాశం. పొద్దుగుంకిన గంట లోపల గాని, తెల్లవారుజామున గాని మినుకుమనకుండా కదిలిపోయే చుక్క కనిపిస్తే అది ఉపగ్రహం కావచ్చు. బాగా మెరిసేది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. అది దాదాపు గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది.

5. తొమ్మిదో తరగతి వారి కోసం ఇస్రో 2019లో 'యువిక' అనే శిక్షణ మొదలుపెట్టింది. గ్రామీణ పాఠశాలల వారికి అందులో అదనపు ప్రాధాన్యం ఉంటుంది. ప్రకటన వచ్చినప్పుడు వార్డెన్ గారికి, సైన్సు మాస్టారికి మీరే గుర్తుచేయండి. ఎవరో వచ్చి చెబుతారని ఎదురుచూస్తే గడువు దాటిపోతుంది.

ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఆ రోజు మన హాస్టల్‌లో ఒక్క గంట కేటాయించి, పదో తరగతి వారు ఆరో తరగతి వారికి ఒక రాకెట్ కథ చెప్పాలని మా కోరిక. పూర్వ విద్యార్థులలో వీలున్నవారు ఒక నోటు పుస్తకం, ఒక సైన్సు పుస్తకం తెచ్చి ఇవ్వగలరు. మేమూ వస్తాం.